చారులో లేచిన కొండ

నా ఉద్యోగంలో సగం ఒక గీతని చూస్తూ గడిచిపోయింది. కాగితం చుట్ట నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, దాని మీద పెన్ను తనంతట తనే గీసుకుంటూ పోతుంది. గీత తిన్నగా సాగినంతసేపూ నీళ్ళలో ఏమీ లేనట్టే. ఎక్కడో ఒకచోట ఉబ్బెత్తుగా లేచి దిగిందంటే ఆ నీళ్ళలో సీసమో, రాగో, కాడ్మియమో ఉన్నట్టు. మా ల్యాబ్ అటెండరు అప్పలనర్స దానికి కొండ అని పేరు పెట్టింది. కొండ లెగిసిందండి మేడమ్ అని వరండాలోకి వినపడేలా కేకేసేది. కిటికీలోంచి చూస్తే చింతపల్లి వైపు నిజం కొండలు కూడా అలాగే ఉండేవి, నీలంగా, మసగ్గా, ఒకదాని వెనక ఒకటి. రిటైరయ్యాక మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఇప్పటికీ ఆ రెండు రకాల కొండలూ కలలో కలిసిపోతుంటాయి. ఏవి కాగితం మీదవో, ఏవి కిటికీలోవో తేలదు.

నా పేరు ఎస్తేరు. నర్సీపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. మా నాన్న చర్చిలో గంట కొట్టేవారు, అమ్మ మిషనరీ బళ్ళో కుట్టుపని నేర్పేది. మా ఇంట్లో సైన్సు చదివిన మొదటిదాన్ని నేనే, అందుకని మా వీధిలో కాలునొప్పి దగ్గర్నించి కాకరకాయ చేదు దాకా అన్నీ నన్నే అడిగేవాళ్ళు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని స్టూడెంట్లు అనుకునేవారు. అనుకోవడమేమిటి, ఉండేది. ప్రమోషన్లు, బదిలీలు, అరియర్స్ గురించి రాయమంటే రాయను. అవి అందరికీ ఒకటే. టెస్టింగ్ ల్యాబుల్లోకి కొత్తగా వచ్చే పిల్లలకి చెప్పాలనుకున్నది వేరే ఉంది. అందులో ముఖ్యమైనదంతా ఒక గిన్నెడు చారులో ఉంది.

సోమయాజులు గారి పెన్సిలు

మా హెడ్డు సోమయాజులు గారు. పొద్దున్నే సంధ్యవార్చుకుని, విభూతి చెరుపుకోకుండా కాలేజీకి వచ్చే మనిషి. నేను ఆదివారం పాటల పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగేదాన్ని. మా ఇద్దరికీ ఎలా పడిందని చాలామంది అడిగేవారు. ఆయనకి దేవుడి మీద ఎంత భక్తో రిజల్టు మీద అంత అనుమానం. నాకూ అంతే. అక్కడ కలిసింది మాకు.

తొంభైల మొదట్లో మాటిది. నీళ్ళలో సీసం ఉందో లేదో చూడాలంటే పెద్ద మెషీన్లు విశాఖపట్నంలో ఉండేవి. మనం సీసా పంపిస్తే వానలు వెళ్ళి ఎండలొచ్చాక జవాబొచ్చేది. ఈలోగా ఆ బావి నీళ్ళు తాగేవాళ్ళు తాగుతూనే ఉంటారు కదా. పెన్సిల్ ములుకుతో ఆ పని చేయొచ్చని సోమయాజులు గారు ఎక్కడో చదివారు. క్లిక్ పెన్సిల్లో వేసుకునే సన్న ములుకు, ఏ పుస్తకాల షాపులోనైనా దొరికేది. అప్పట్నించి ఆయనకి తిండీ నిద్రా అదే.

మా మిషను ఎలా ఉండేదంటే, చూస్తే మీరు నవ్వుతారు. రేడియోలు బాగుచేసే ఆయన ఒకరు చెక్కపెట్టెలో సర్క్యూటు బిగించి ఇచ్చారు. కరెంటు పోతే ఆగకుండా కారు బ్యాటరీ. గీత గీసే పెన్ను రికార్డరు ఎవరో పాతదని పక్కన పడేసింది. వెండి తీగ నా పాత పట్టీలది, కంసాలి మేలిమి చేసి సన్నగా లాగి ఇచ్చాడు. ఆ తీగనీ, రెండు ములుకుల్నీ ఒక బెరడు బిరడాకి గుచ్చి చిన్న గాజు కప్పులో దింపేవాళ్ళం.

అది చేసే పని మాత్రం చాలా అందమైనది. ములుకుని నీళ్ళలో ముంచి కరెంటు పెడితే నీళ్ళలో కరిగున్న లోహం వచ్చి ములుకు మీద చేరుతుంది. ఇసుమంత ఉన్నా వస్తుంది. తర్వాత కరెంటుని మెల్లమెల్లగా తిప్పుకుంటూ వస్తే ఒక్కో లోహం ఒక్కోచోట ములుకుని వదిలేస్తుంది. తుని బస్సులో ఎవరి ఊరొస్తే వాళ్ళు దిగిపోయినట్టు. దిగేటప్పుడు కాగితం మీద కొండ లేస్తుంది. ఎక్కడ లేచిందన్నదాన్ని బట్టి ఏ లోహమో, ఎంత ఎత్తు లేచిందన్నదాన్ని బట్టి ఎంతుందో తెలుస్తుంది. మొదట్లో ములుకు మీద పాదరసం పూత వేసేవాళ్ళం, విషాన్ని పట్టుకోడానికి ఇంకో విషం. తర్వాతి రోజుల్లో బిస్మత్ వచ్చి ఆ పీడ వదిలింది.

చవక సెన్సారు గురించి ఒక్క మాట. దాన్ని చూసి మూతి విరవకండి, అలాగని మురిసిపోకండి కూడా. ఖరీదైన మెషీను మీ బదులు తీసుకునే జాగ్రత్తలన్నీ చవకదాని దగ్గర మీరే తీసుకోవాలి. సోమయాజులు గారు ఎప్పుడూ మెచ్చుకునేవారు కాదు. రిజల్టు పట్టుకెళ్తే ఒకటే అడిగేవారు, ఖాళీ నీళ్ళు ఏమన్నాయీ అని. ఖాళీ నీళ్ళంటే బ్లాంకు. శాంపిల్ వేయకుండా మిగతావన్నీ వేసి ముందు గీత తీయాలి. ఆ గీత తిన్నగా వస్తేనే తర్వాతి గీతని నమ్మాలి. నాకు విసుగొచ్చేది. పొద్దస్తమానం ఏమీ లేని నీళ్ళని చూస్తూ కూర్చోవడమేమిటి అనుకునేదాన్ని.

సత్తిబాబు సంచీ

దసరా సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన వారంలో ఒక మనిషి గుడ్డసంచీ పట్టుకుని ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విడిచి వచ్చాడు. పేరు సత్తిబాబు, ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేస్తాడు, ఊరంతా బతికేది ఆ బొమ్మల మీదే. గోళ్ళ చుట్టూ ఎరుపూ పసుపూ ఇంకిపోయి ఉన్నాయి. సంచీలో రంగురంగుల లక్క కర్రలు, బొంగరాలు, ఒక గిలక్కాయ, పైన మా ఊరి డాక్టరు గారి చీటీ.

సత్తిబాబుకి పైడితల్లి అని ఒక్కతే కూతురు, అప్పుడే ఒకటో తరగతిలో వేశారు. వేసవి వెళ్ళినప్పట్నించీ కడుపునొప్పి అంటుంది, పాలిపోయింది, ఆడుకోదు, పిలిస్తే వెంటనే పలకదు. డాక్టరు గారు చిగుళ్ళ అంచున నల్లటి చార చూసి సీసమేమో అని అనుమానపడ్డారు. రక్తం విశాఖపట్నం పంపారు, ఆ జవాబు ఎప్పుడొస్తుందో తెలీదు. ఇల్లంతా రంగులే కాబట్టి ముందు ఆయన అనుమానం రంగుల మీదకే పోయింది. ఎవరికైనా పోతుంది. రంగులు చూసి పెట్టమని మాకు రాశారు. అప్పటిదాకా బొమ్మలు చెక్కే మరయంత్రం తిప్పొద్దని సత్తిబాబుకి చెప్పారు.

మా ఇంట్లో జాఫ్రా గింజల ఎరుపు, పసుపుకొమ్ము, నీలిమందు, ఇవే వాడతామండి అన్నాడు సత్తిబాబు. అని బల్ల మీద ఉన్న చెక్కపెట్టె వైపు చూశాడు. తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

"మేడమ్‌గారూ, రంగుల్లో ఇసం ఉందంటే మా ఊరు పోద్ది. నేదంటే దేనివల్లో తెలక్కుండానే నా గుంట పోద్ది. ఏది సెప్పినా నాకు సావే. అయినా ఉన్నదే సెప్పండి."

ఆ మధ్యాహ్నమే ఎర్రలక్క గీరి, ఆమ్లంలో మరిగించి తేటనీరు చేసి గీత తీశాను. సీసం దిగాల్సిన చోటికి పెన్ను వచ్చింది, వచ్చి లేచింది. చక్కటి కొండ. అప్పలనర్స కేకేసింది. సంగతి తెలిసి ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి చూశారు, దొరికింది కదమ్మా, రాసిచ్చేయండి, డాక్టరు గారు కాచుక్కూర్చున్నారు అన్నారు. సత్తిబాబు గుమ్మంలోంచి ఆ కొండనే చూస్తున్నాడు. దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేకుండానే అతనికి తెలిసిపోయింది.

సోమయాజులు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఖాళీ నీళ్ళు ఏమన్నాయీ అన్నారు. దసరాకి ముందు తీసిన బ్లాంకు ఉంది కదండీ, తిన్నగానే ఉంది అన్నాను. ఇవాళ్టిది కావాలి అన్నారు. చిర్రెత్తుకొచ్చినా తీశాను. ఉత్త నీళ్ళు, ఉత్త ఆమ్లం. పెన్ను వచ్చి అదే చోట, అంతే ఎత్తున లేచింది.

దసరా బొట్టు

అంటే ఆ కొండ రంగులది కాదు, మాది. మా ల్యాబులోనే ఎక్కడో సీసం ఉంది. ఎక్కడుందో తెలిసేదాకా ఏ గీతా చెల్లదు. అక్కడ పిల్ల కడుపు పట్టుకుని పడుకునుంది, ఇక్కడ మేము మా గిన్నెలూ గరిటెలూ వెతుక్కుంటున్నాం. నీళ్ళు మార్చాం, ఆమ్లం కొత్త సీసా విప్పాం, గాజు కప్పు మార్చాం. ఏది మార్చినా కొండ అలాగే లేస్తోంది. ఎండ కిటికీలోంచి బల్ల మీదకి జారి, గోడెక్కి, పోయేది. మళ్ళీ మర్నాడు వచ్చేది. నాకు ఆ రోజులు జ్వరంలో చూసినట్టు గుర్తు.

చివరికి బయటపడింది ఎక్కడంటే, బిరడా మీద. ములుకులు గుచ్చే ఆ బెరడు బిరడాని వెలుతురులో తిప్పి చూస్తుంటే దాని కంతల్లో నారింజరంగు పొడి కనిపించింది. వేలికి అంటించుకుని చూశాను. సింధూరం. ఆంజనేయస్వామికి పూసే సింధూరం. అందులో కొన్ని రకాలు అచ్చంగా సీసంతో చేసినవే.

అప్పలనర్సని పిలిచాను. ఆమె ఏమీ దాచలేదు. ఆయుధపూజ రోజు కాలేజీకి వచ్చి మిషనుకి పూజ చేసిందట. కుంకం చాలదనిపించి గుళ్ళోంచి సింధూరం తెచ్చి చెక్కపెట్టెకి, రికార్డరుకి, బిరడాకి బొట్లు పెట్టిందట. సెలవులయ్యాక నేను తిడతానని పైపైన తుడిచేసిందట. కత్తికీ కొడవలికీ పూజ సేస్తాం, లారీకి సేస్తాం, మనుషుల పేనాలు కాసేదానికి సెయ్యకపోతే పాపం కాదేటండీ అని నన్నే ఎదురడిగింది.

తిడదామని నోరు తెరిచాను. సోమయాజులు గారు అడ్డొచ్చారు. ఆయనకి నవ్వొస్తోంది, ఆపుకుంటున్నారు. నర్సమ్మా, వచ్చే ఏడు పువ్వు పెట్టు, బొట్టు మాత్రం వద్దు అన్నారు. ఆమె సరేనండి అని, మరి పువ్వులో ఏటీ ఉండదు కదండీ అని అడిగి, ఆ ఏడాది నుంచి బంతిపువ్వు పెట్టేది. దాన్ని కూడా మేము ఓసారి గీత తీసి చూశామనుకోండి.

కొత్త బిరడా వేసి, అన్నీ కడిగి, ఖాళీ నీళ్ళ గీత తీశాం. తిన్నగా పోయింది. అప్పుడు ఎర్రలక్క. తిన్నగా పోయింది. పసుపు, నీలం, నలుపు, గిలక్కాయ మీద రంగు, ఒక్కటీ లేవలేదు. సత్తిబాబు ఆ కాగితం పట్టుకుని బుర్ర ఊపుతూ నవ్వాడు. ఊరు బతికింది. ఆ నవ్వు ఎంతసేపో నిలవలేదు. మరి గుంటకేటండీ అన్నాడు.

పిల్లలూ, ఈ ఉద్యోగంలో "లేదు" అని తేలినప్పుడు సంతోషించి ఇంటికెళ్ళిపోవడం చాలా తేలిక. మీరు అలా వెళ్ళిపోకండి. మర్నాడు నేను ఖాళీ సీసాలు సంచీలో వేసుకుని ఏటికొప్పాక బస్సెక్కాను.

చారన్నం

వానలు వెలిసిన రోజులు. దారి పొడుగునా చెరుకు తోటలు, గాలికి ఒక్కసారే ఒంగి ఒక్కసారే లేస్తున్నాయి. వరాహనది నిండుగా ఉంది. సత్తిబాబు ఇంట్లో మరయంత్రం మీద గోనెపట్టా కప్పేసి ఉంది. బొమ్మలకి వాడే అంకుడు కర్ర వాసన, లక్క వాసన. పైడితల్లి చాప మీద పడుకుని, చూరు సందులోంచి దిగే వెలుతురులో ఎగిరే నుసిని చూస్తోంది. నేను పలకరిస్తే కాసేపటికి నా వైపు తిరిగింది. చాలా దూరం నుంచి నడిచొచ్చినట్టు వచ్చింది ఆ చూపు.

బావినీళ్ళు పట్టాను, వాకిట్లో మట్టి తీశాను, కాటుక, కారం, పసుపు కొంచెం కొంచెం పొట్లాలు కట్టాను. సత్తిబాబు తల్లి నూకాలమ్మ నా వెనకే తిరుగుతూ ఇదేటి, అదెందుకు అని అడుగుతూనే ఉంది. ఎర్రగా, పొట్టిగా, చేతినిండా గాజులతో ఉన్న పెద్దావిడ. ఆఖరికి నా చేతిలో సీసా లాక్కుని గట్టు మీద పెట్టి, ముందు బువ్వ తినమ్మా అంది. ఆవిడ మాటకి ఎదురుచెప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు, నేనూ చెప్పలేదు.

చారు పోసింది. నేను చాలా ఇళ్ళల్లో చారు తాగాను, అలాంటిది ఎక్కడా తాగలేదు. చింతపండు పులుపు నాలుక మీద నిలిచేలా, మిరియం ఘాటు తర్వాత వచ్చేలా. రెండోసారి అడిగి పోయించుకున్నాను. ఆవిడ మురిసిపోయి, తన ఒళ్ళో పైడితల్లిని కూర్చోబెట్టుకుని అదే చారు కలిపి ముద్దలు పెట్టడం మొదలెట్టింది. గుంట ఇంకేదీ తినదమ్మా, నా సారన్నం ఒక్కటే తింటాది, ఒంట్లో బాగోనేదు కదాని రెండు పూటలా ఇదే పెడతన్నాను అంది. పిల్ల కళ్ళు మూసుకుని నోరు తెరిచేది, మింగేది, మళ్ళీ తెరిచేది.

తిన్నాక అరుగు మీద కాస్త ఒరిగాను. కునుకు పట్టింది. కలలో రికార్డరు కాగితం వరాహ మీద తేలుతూ పోతోంది, పెన్ను నీళ్ళ మీదే కొండలు గీస్తోంది. గరిటె గిన్నె అడుగుని గీరిన చప్పుడుకి మెలకువొచ్చింది. నూకాలమ్మ మిగిలిన చారు తోడుతోంది. అప్పుడు చూశాను ఆ గిన్నెని. పాత ఇత్తడి గిన్నె, బయట నల్లగా మసి, లోపల మాత్రం తెల్లగా, కొత్తగా, అద్దంలా మెరుస్తోంది. ఎప్పుడు కళాయి పెట్టించారు అత్తా అని అడిగాను. ఏసంగిలో అంది. ఎవరో ఊరూరూ తిరిగేవాడు వీధి మొగలో కొలిమి పెట్టాడట, బేగి పెట్టి ఇచ్చేశాడట, అందరూ పెట్టించారట. మా యమ్మ నాకిచ్చిన గిన్నమ్మా, కళాయి పోయి సిలుము పడతంటే పిల్లకి మంచిది కాదని పెట్టించాను అంది.

కళాయి అంటే తగరం. తగరానికి సీసం కలిపితే తొందరగా కరుగుతుంది, బాగా పాకుతుంది. అందులో చింతపండు పులుపు మరిగితే సీసం చారులోకి దిగుతుంది. నాకు అరుగు మీద కూర్చున్నచోటే వేసవి నుంచి ఇప్పటిదాకా అంతా కనిపించింది. పిల్లకి నొప్పి, నొప్పి కాబట్టి చారన్నం, చారన్నం కాబట్టి ఇంకా నొప్పి, ఇంకా చారన్నం.

కానీ ఆ మాట గీత తీయకుండా అనకూడదు. చారు చాలా బావుంది, కొంచెం సీసాలో పోస్తారా అన్నాను. ఆవిడ సంబరంగా మూతిదాకా పోసింది. వీధి మలుపులో సత్తిబాబుని ఆపి, ఈ పూట నుంచే మట్టికుండలో వండించు, ఆ గిన్నె రేపు నా దగ్గరికి తీసుకురా, ఎందుకని ఇప్పుడు అడక్కు అన్నాను. అతను అడగలేదు. నా చేతిలో సీసా చూశాడు, చాలు.

బంగారు వాన

చారుని ఆమ్లంలో మరిగించి రంగూ రుచీ వాసనా అన్నీ పోగొట్టి నీళ్ళలా చేశాను. అంత మంచి చారుని అలా చేస్తుంటే ఎందుకో దుఃఖం వచ్చింది. ఖాళీ నీళ్ళ గీత తిన్నగా వచ్చింది. తర్వాత చారు పెట్టాం. పెన్ను సీసం చోటికి వచ్చి లేవడం మొదలెట్టి, లేస్తూ లేస్తూ కాగితం అంచుకి తగిలి అక్కడే టకటకా కొట్టుకుంది. అప్పలనర్స కేకెయ్యలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమయాజులు గారు అప్పటికీ ఒప్పుకోలేదు. తగరం కూడా మన కాగితం మీద దాదాపు అదే చోట లేస్తుందమ్మా, ఇది కళాయి గిన్నె, తగరాన్ని చూసి సీసం అంటామేమో అన్నారు. ఆ మాట నిజం. ఒక రుజువు మనకి ఇష్టమైన జవాబే చెబుతున్నప్పుడు, దానితో సంబంధంలేని ఇంకో దారిలో మళ్ళీ అడగాలి. ఆయన దగ్గర నేను నేర్చుకున్న విద్య అంతా ఇదే.

మర్నాడు సత్తిబాబు గిన్నె తెచ్చాడు. లోపలి పూత గీరి నత్రికామ్లంలో వేశాం. తగరం తెల్లపొడిగా అడుగున చేరింది, దాన్ని వడగట్టేశాం. మిగిలిన తేటలో సీసం ఉంటే తెలియాలి. పొటాషియం అయొడైడ్ చుక్కలు వేశాను. పచ్చగా, గట్టి పసుప్పచ్చగా విరిగింది. వేడిచేస్తే ఆ పసుపు కరిగి మాయమైంది. ఆ గాజు గొట్టాన్ని చన్నీళ్ళలో పెట్టి చల్లారనిచ్చాం. అప్పుడు పైనుంచి కిందకి బంగారు రేకులు రాలడం మొదలయ్యాయి, ఒకటి, తర్వాత ఒకటి, తర్వాత లెక్కలేనన్ని, ఎండలో మెరుస్తూ, తిరుగుతూ. దీన్ని బంగారు వాన అంటారు. ఫస్టియర్ పిల్లలకి ఏటా చేసి చూపించేదాన్ని, చప్పట్లు కొట్టేవారు. కెమిస్ట్రీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే. ఆ రోజు సత్తిబాబు పక్కన నిలబడి గొట్టంలోకి చూస్తూ, ఎంత బాగుందండీ అన్నాడు. అదే సత్తిబాబూ సీసం అన్నాను.

డాక్టరు గారు ఆ రోజే పిల్లని విశాఖపట్నం పంపించారు. రక్తం రిపోర్టు తర్వాత వచ్చి మా మాటే చెప్పింది. ఒంట్లో సీసాన్ని బయటికి లాగే మందులు అక్కడ పెట్టారు. చలికాలం వెళ్ళేసరికి పైడితల్లి ఇంటికొచ్చేసింది. సన్నగా ఉంది గానీ పిలిస్తే పలుకుతోందని, గోనెపట్టా తీసి మరయంత్రం తిప్పుతుంటే పక్కనే కూర్చుని చెక్కపేళ్ళతో ఆడుతోందని సత్తిబాబు వచ్చి చెప్పాడు. నేను ఇంటికెళ్ళి ప్రార్థన చేసుకున్నాను.

నూకాలమ్మ

ఒకటి చెప్పకుండా దాటేశాను, అది చెప్పాలి. గిన్నె సంగతి తేలిన రోజు సత్తిబాబు నన్ను బతిమాలాడు. గిన్న పోయిందని మాయమ్మకి సెప్పేత్తానండి, ఇది మాత్తరం తెలవనీకండి, తట్టుకోనేదు అన్నాడు. నాకూ అలాగే చేయాలనిపించింది. కానీ ఆ కళాయి వీధంతా పెట్టించుకున్నారు. ఇంటింటికీ చెప్పాలి, గిన్నెలు పక్కన పెట్టించాలి. వీధిలో అందరికీ తెలిసి ఆవిడ ఒక్కదానికీ తెలియకుండా ఎలా ఉంటుంది? నేనే వెళ్ళి చెప్పాను. తప్పు కళాయిది అత్తా, మీది కాదు అని ఎన్ని రకాలుగా చెప్పొచ్చో అన్ని రకాలుగా చెప్పాను. ఆవిడ అంతా విని, రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "ఈ సేత్తోనే పెట్టాను తల్లీ" అంది.

పిల్ల ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా ఆవిడ పొయ్యి దగ్గరికి పోలేదు. కోడలు వండుతోంది. పైడితల్లి మాత్రం నాయనమ్మ చారు కావాలని ఏడుస్తోంది, పెట్టింది తినడం లేదు. డాక్టరు గారేమో ఇప్పుడు బాగా తినాలంటున్నారు. ఆవిడ వాకిట్లో కూర్చుని ఆ ఏడుపు వింటుంది తప్ప లేవదు. ఏం చేయాలో తెలియడం లేదండి అని సత్తిబాబు మళ్ళీ ల్యాబ్ గుమ్మంలోకే వచ్చాడు. ఇది కెమిస్ట్రీ పని కాదయ్యా అనబోయాను. సోమయాజులు గారు, ఆవిడని ఒక్కసారి చారు కాచి ఇక్కడికి పట్టుకు రమ్మను, పిల్లకి పెట్టక్కర్లేదు, మా మిషనుకి కావాలని చెప్పు అన్నారు.

వచ్చింది. మట్టికుండలో కాచిన చారు స్టీలు టిఫినులో పోసి, పైన గుడ్డ కట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. స్టూలు మీద కూర్చోమంటే కూర్చోలేదు. టిఫినులోంచి ఒక గరిటెడు తీసుకున్నాను, మిగతాది మూతపెట్టి కిటికీ గట్టు మీద ఉంచాను. దాన్ని మరిగించి తేట చేసేదాకా ఆవిడ అలాగే నిలబడింది. అప్పలనర్స పక్కన నిలబడి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

మొదట పాత కాగితం పరిచి ఆ రోజు లేచిన కొండ చూపించాను, అంచుకి తగిలిపోయినది. దాచలేదు. ఆవిడ దాన్ని వేలితో తడిమింది. తర్వాత ఖాళీ నీళ్ళ గీత తీశాం, తిన్నగా పోయింది. ఇందులో ఏమీ లేదమ్మా, అందుకే ఇలా వచ్చింది, చూడండి అన్నాను. తర్వాత చారు.

పెన్ను బయల్దేరింది. బయట కొండల మీద ఎండ పల్చబడుతోంది. సీసం చోటు ఎక్కడో సోమయాజులు గారు పెన్సిలుతో ముందే చిన్న గీటు పెట్టి ఉంచారు. పెన్ను ఆ గీటు దగ్గరికి వస్తోంది. నూకాలమ్మ కళ్ళు మూసుకుంది. నేను ఆ మిషను ముందు ఎన్నో ఏళ్ళు కూర్చున్నాను, ఎప్పుడూ దాన్ని ఏమీ అడగలేదు, అడగకూడదని స్టూడెంట్లకి చెప్పేదాన్ని. ఆ రోజు అడిగాను. లేవకు అని అడిగాను.

పెన్ను గీటు మీదకి వచ్చింది. దాటింది. తిన్నగా పోయింది.

కళ్ళు తెరవండమ్మా అన్నారు సోమయాజులు గారు. ఆవిడ తెరిచి కాగితం మీదకి ఒంగి చూసింది. పాత కాగితం కొండ చూసింది, కొత్త కాగితం గీత చూసింది, మళ్ళీ పాతది చూసింది. నేదా అంది. లేదు అన్నాను. ఏటీ నేదా అంది. ఏమీ లేదు అత్తా అన్నాను.

ఇంక ఆవిడ మా వైపు చూడలేదు. గట్టు మీద టిఫిను తీసుకుని, మూత విప్పి చూసి, మళ్ళీ బిగించి, గుడ్డ గట్టిగా ముడేసింది. గుమ్మం దాకా వెళ్ళి చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగింది.

"బస్సు ఎన్నింటికమ్మా? బేగి ఎల్లాల. గుంట బడి నుంచి వచ్చేస్తాది, సారు సల్లారిపోనాది."